పంట పోయిన ఏడు వడ్డీ లేదు

కొలువు పోయి అప్పు మిగిలినవాళ్ళ జాబితా రాస్తే మొదటి పేరు హరిశ్చంద్రుడిదే అవుతుంది. రాజ్యం ధారపోశాడు. ఆ మరుక్షణం నుంచీ ఆదాయం లేదు, బాకీ మాత్రం ఉంది. వసూలుకు నక్షత్రకుడు వెంటపడ్డాడు. చివరికి కాశీలో ముందుగా అమ్ముడుపోయింది ఎవరు? మాట ఇచ్చిన మహారాజు కాదు, చంద్రమతి. కథ విని ఆయన సత్యసంధతకు చేతులు జోడిస్తాం గానీ, ఆవిడ తరఫున ఒక్క ప్రశ్నయినా అడగం. ఆదాయం పోయిన మనిషి దగ్గర అప్పు ఎంతవరకు వసూలు చెయ్యాలి? ఇల్లాలిని అందులోకి లాగవచ్చా?

ఇది పురాణాలతో పోయిన ప్రశ్న కాదు. ఇవాళ హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఒక కంపెనీ "రేపటినుంచి రానక్కర్లేదు" అంటుంది. జీతం ఆగుతుంది. క్రెడిట్ కార్డు బిల్లు మాత్రం తారీఖు తప్పకుండా వస్తుంది. పరువు పోతుందని ఇంట్లో కూడా చెప్పకుండా, అదే కార్డుమీద పచారీ సామానూ పిల్లల ఫీజులూ పెళ్ళి చదివింపులూ నెట్టుకొచ్చేవాళ్ళున్నారు. కానీ అప్పుల చరిత్ర తిరగేసి చూడండి. ఆదాయం పోవడాన్ని ఆపదగా చూసి, దానికో దారి వెతికినవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు.

క్రీస్తుకు పూర్వం 1750 ప్రాంతంలో బాబిలోనియాను ఏలిన హమ్మురాబి రాతి స్తంభం మీద తన చట్టాలు చెక్కించాడు. అది ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఆయనేమీ మెత్తని మనిషి కాదు, కన్నుకు కన్ను అన్న బాపతు. అటువంటివాడు కూడా ఒక చోట కరిగాడు. గాలివానకు చేను పోయినా, నీళ్ళు లేక పంట పండకపోయినా, ఆ ఏడు బాకీదారు అప్పులవాడికి ధాన్యం కొలవనక్కర్లేదు, వడ్డీ కట్టనక్కర్లేదు అన్నాడు. ఆ కాలంలో అప్పుపత్రం అంటే మట్టి పలక. ఆ పలకను నీళ్ళతో తడిపి లెక్క మార్చుకోమన్నాడు. భార్యనో బిడ్డనో అప్పు కింద పనికి పెడితే మూడేళ్ళే చాకిరీ, నాలుగో ఏట వదిలెయ్యాలి అని ఇంకో చట్టం. చంద్రమతికి ఆపాటి గడువైనా దొరకలేదు కదా!

మన ధర్మశాస్త్రాలు ఇంకో దారి పట్టాయి. ఒక్కసారిగా వసూలు చేసే వడ్డీ అసలును మించకూడదు అన్నాడు మనువు. నూరు ఇచ్చినవాడు ఎన్నాళ్ళు ఆగినా రెండు వందలకు మించి ఒక్క దఫాలో అడగరాదన్నమాట. దీనికే దామ్‌దుపట్ అని పేరు. యాజ్ఞవల్క్యుడు ఆడవాళ్ళ సంగతి కూడా తేల్చాడు: భర్త చేసిన అప్పు భార్య తీర్చనక్కర్లేదు. కుటుంబం కోసం చేసినదైతే వేరే మాట.

శాస్త్రం పుస్తకంలో ఉండిపోయిందనుకోకండి. 1929లో మొదలైన ఆర్థికమాంద్యంలో ధాన్యం ధరలు పడిపోయాయి, కోస్తా, రాయలసీమ రైతులు అప్పుల్లో కూరుకుపోయారు. అప్పుడు మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. రాజాజీ ప్రభుత్వం 1938లో వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం తెచ్చింది. అసలుకు రెట్టింపు ఇప్పటికే కట్టిన రైతుకు బాకీ చెల్లిపోయినట్టే అన్నది ఆ చట్టం. మనువు మాట కొత్త వేషంలో వచ్చిందన్నమాట.

ఇంగ్లండులో మాత్రం చాలాకాలం జైలే మందు. 1824లో ఒక చిన్న ఉద్యోగిని, రొట్టెల దుకాణం బాకీ తీర్చలేదని, లండన్‌లోని మార్షల్‌సీ జైల్లో వేశారు. భార్యా చిన్నపిల్లలూ కూడా ఆ జైలుకే కాపురం మార్చారు. పన్నెండేళ్ళ కొడుకు బూటు పాలిష్ ఫాక్టరీలో సీసాలకు కాగితాలు అంటించాడు. ఆ పిల్లవాడే చార్లెస్ డికెన్స్. జైల్లో కూర్చున్నవాడు సంపాదించి బాకీ ఎలా తీరుస్తాడన్న చిన్న సంగతి వాళ్ళకు పూర్తిగా బోధపడటానికి 1869 దాకా పట్టింది. ఆ ఏటి చట్టంతో చాలామటుకు అప్పుల జైలు పోయింది.

మన దేశంలో 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం, డబ్బు డిక్రీ కింద స్త్రీని అరెస్టు చెయ్యరాదు. మగవాళ్ళ విషయంలోనూ 1980లో సుప్రీంకోర్టు, జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పులో, ఒక గీత గీసింది. ఉండి ఎగ్గొట్టేవాడు వేరు, లేక కట్టలేనివాడు వేరు. లేమి నేరం కాదు.

ఇక కార్డు కథ. 1950లో న్యూయార్క్‌లో డైనర్స్ క్లబ్బు కార్డు వచ్చింది. 1958లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో బాంక్ ఆఫ్ అమెరికా 60,000 కార్డులను అడగనివాళ్ళ ఇళ్ళకు కూడా టపాలో పంపింది. అదే తరువాత వీసా అయింది. మన దేశంలో తొలినాళ్ళలోనే, 1981లో, కార్డు ఇచ్చిన బాంకుల్లో ఆంధ్రా బాంకు ఒకటి. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో 1923లో స్థాపించిన ఆ బాంకు 2020లో యూనియన్ బాంకులో కలిసిపోయింది.

ఊళ్ళో షావుకారు మంచివాడని అనను. కానీ పంట పోయిన సంగతి ఆయన కళ్ళకు కనబడేది. కార్డుకు మన ముఖం తెలియదు. పైగా వడ్డీ సంగతి చూడండి. మన ఇళ్ళల్లో "రెండు రూపాయల వడ్డీ" అంటేనే అమ్మో అంటాం. చాలా కార్డులది నెలకు నూటికి మూడున్నర రూపాయలు, అటూ ఇటూ. లక్ష బాకీ ఉందనుకుందాం. నెల వడ్డీ 3,500. దానిమీద జీఎస్టీ 630. మీరు అయిదు వేలు కడితే అసలులో తరిగేది 870 రూపాయలు! పూర్తి బిల్లు కట్టని నెలనుంచి కొత్తగా కొన్న కందిపప్పుకు కూడా కొన్న రోజునుంచే వడ్డీ. 30 శాతం దాటిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో అన్నది గానీ, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. 2020లో కరోనా రోజుల్లో రిజర్వు బాంకు ఆరు నెలల మారటోరియం ఇప్పించింది, కార్డులకు కూడా. అయితే వడ్డీ ఆగలేదు, వాయిదా ఒక్కటే ఆగింది. వడ్డీమీద వడ్డీని మాత్రం తరువాత వెనక్కి ఇచ్చారు. హమ్మురాబి అంత దూరం ఎవరూ పోలేదు.

కాబట్టి పలక తడిపే పని ఇంటివాళ్ళే మొదలుపెట్టాలి. ఉద్యోగం పోయిన రోజే కార్డు బీరువాలో పెట్టేయాలి. చేతిలో ఉన్న డబ్బు ముందు తిండికీ అద్దెకీ మందులకీ. వాయిదా తప్పకముందే బాంకుకు ఉత్తరం రాసి, బాకీని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చమని అడగాలి. కొంత కడితే మిగిలింది వదులుతామంటే, ఆ మాట కాగితం మీద రాయించుకోవాలి. అలా తీరిన బాకీ ఋణచరిత్రలో మచ్చగా కొన్నేళ్ళు ఉంటుందని కూడా తెలిసుండాలి. గాజులు బాంకులో కుదువపెడితే వడ్డీ సుమారు రూపాయి. మూడున్నర రూపాయల అప్పును రూపాయి అప్పుతో తీర్చడం తెలివే, కార్డు మళ్ళీ బీరువాలోంచి బయటికి రాదనుకుంటేనే! ఫోనులో నిమిషంలో అప్పిచ్చే యాప్‌ల జోలికి పోవద్దు.

నక్షత్రకులకు కూడా ఇప్పుడు కట్టుబాటు ఉంది. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తరువాత వసూలు ఫోన్లు చెయ్యరాదని 2022లో రిజర్వు బాంకు ఆదేశించింది. బెదిరింపులూ, చుట్టాల ముందు పరువు తీయడాలూ కూడదంది. భర్త కార్డు బాకీకి, తాను హామీ సంతకం చెయ్యకపోతే, భార్య బాధ్యురాలు కాదు. ఈ సంగతి తెలియక భయంతో మంగళసూత్రం తీసిచ్చే ఇల్లాళ్ళకు ఎవరైనా చెప్పాలి.

అన్నిటికంటే ముందు, ఇంట్లో చెప్పుకోవాలి. అప్పు లెక్క ఒక కాగితం మీద రాసి ఇద్దరూ కలిసి చూసుకోవాలి. పంట పోయిన సంగతి దాచుకున్న రైతు పలకను ఎవరు తడుపుతారు చెప్పండి?