తెల్లకార్డు, దవాఖాన, వయసు

మలక్‌పేట నల్లగొండ చౌరస్తాలో వికలాంగుల సంక్షేమ భవన్ ఉంది. సర్కారు ఏరియా దవాఖానా మలక్‌పేటలోనే ఉంది. ఈ రెంటి మధ్య దూరాన్ని కాగితాల్లో కొలవాలె.

1948 ఈఎస్ఐ చట్టం మొదట పవర్‌తో నడిచే, 20 మంది పనిచేసే ఫ్యాక్టరీలకే. రిటైరయినోళ్లకు నామమాత్రపు చందాతో వైద్యం సాగే నిబంధన తర్వాత వచ్చింది. రిటైరవ్వాలంటే ముందు యజమాని ఉండాలి గదా! ఇళ్లల్లో అంట్లు తోమే మాదిగ ఆడమనిషికి, అడ్డా కూలీకి ఆ యజమాని ఎవరు?

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, 2008లో నగరానికొచ్చిన ఆరోగ్యశ్రీ, యజమానికి బదులు తెల్ల రేషన్‌కార్డు అడిగింది. ఇది పెద్ద మార్పే, ఒప్పుకోవాలి. కానీ పైసలు ప్రధానంగా ఆపరేషన్లకూ పెద్ద జబ్బులకూ. ముసలామెకు రోజూ కావలసిన బీపీ, షుగరు గోళీల సంగతి వేరు. వికలాంగుడి 40 శాతం సర్టిఫికెట్ పింఛనుకు పనికొస్తుంది. ఆరోగ్యశ్రీకి మళ్లీ కార్డే కావాలి. కార్డులోంచి పేరు పోతే వైద్యమూ పోయినట్టే.

2024 అక్టోబర్ 29న కేంద్రం 70 ఏళ్లు నిండినోళ్లందరినీ, ఆదాయం చూడకుండా, ఆయుష్మాన్ భారత్‌లో చేర్చింది. ఆధార్‌లోని వయసే సాక్ష్యం. బడి మొహం చూడని తరానికి ఆ పుట్టిన సంవత్సరం చాలాసార్లు ఎవరో గుమాస్తా అందాజుగా రాసిందే. ఆ అందాజు ఐదేళ్లు తప్పితే, రాళ్లు మోసిన నడుం ఇంకో ఐదేళ్లు ఆగాలె.