టీ ట్రీ నూనె

టీ ట్రీ నూనె ఆస్ట్రేలియాకు చెందిన మెలలూకా ఆల్టర్నిఫోలియా అనే చిన్న చెట్టు ఆకులు, లేత కొమ్మల నుండి తీసే సుగంధ తైలము. ఇది రంగు లేకుండా గాని, లేత పసుపు రంగులో గాని ఉండి, కర్పూరాన్ని తలపించే ఘాటైన వాసన కలిగి ఉంటుంది. చర్మముపై పూతకు, ఇంటి శుభ్రతకు దీనిని ఉపయోగిస్తారు. కడుపులోకి తీసుకోదగిన నూనె కాదు.

పేరు

పేరులో 'టీ' ఉన్నప్పటికీ మనం తాగే తేయాకుతో దీనికి సంబంధము లేదు. తేయాకు కామెల్లియా ప్రజాతికి చెందినది. మెలలూకా మిర్టేసి కుటుంబానికి చెందినది. మనకు పరిచితమైన నేరేడు, జామ, లవంగము, నీలగిరి చెట్లు కూడా ఈ కుటుంబములోనివే. 1770లలో కెప్టెన్ జేమ్స్ కుక్ నౌకాయాత్రలలో నావికులు ఈ కుటుంబపు పొదల ఆకులతో తేనీరు కాచుకున్నారు. అటువంటి పొదలు పలు రకాలకు 'టీ ట్రీ' అన్న పేరు స్థిరపడింది. చైనాలో వంటకు వాడే టీ గింజల నూనె వేరు. అది కామెల్లియా గింజలను పిండి తీసినది, తినదగినది. పేర్లు ఇంత దగ్గరగా ఉన్నందున సీసాపై పేరు పూర్తిగా చదివి కొనడం అవసరము.

చరిత్ర, తయారీ

ఈ చెట్టు న్యూ సౌత్ వేల్స్ ఈశాన్య భాగములోని చిత్తడి నేలలలోను, వాగుల వెంబడిని సహజముగా పెరుగుతుంది. అక్కడి మూలవాసులైన బుంజలుంగ్ ప్రజలు ఆకులను నలిపి జలుబు, దగ్గులకు వాసన పీల్చేవారు, గాయాలపై కట్టేవారు. 1920లలో సిడ్నీ టెక్నలాజికల్ మ్యూజియం రసాయనవేత్త ఆర్థర్ పెన్‌ఫోల్డ్, సూక్ష్మజీవులను చంపుటలో ఈ నూనె ఫినాల్ కంటే 11 రెట్లు శక్తివంతమని ప్రకటించాడు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత యాంటీబయోటిక్స్ రాకతో వెనుకబడి, 1970లలో తోటల పెంపకముతో తిరిగి వ్యాప్తిలోకి వచ్చింది.

ఆకులలోనికి నీటి ఆవిరిని పంపి, ఆ ఆవిరిని చల్లార్చి, నీటిపై తేలిన నూనెను వేరు చేస్తారు. 100 కిలోల పచ్చి ఆకు, కొమ్మల నుండి వచ్చేది 1 లేక 2 కిలోలు మాత్రమే. ఇందులో సుమారు 100 రసాయనాలు ఉన్నా ముఖ్యమైనది టెర్పినెన్-4-ఓల్. 2017 నాటి అంతర్జాతీయ ప్రమాణము (ఐఎస్ఓ 4730) ప్రకారము ఇది 35 నుండి 48 శాతము వరకు ఉండాలి.

ఆరోగ్య ఉపయోగాలు

దుకాణములో 'సకల రోగ నివారిణి' వలె అమ్మినా, పరీక్షలలో కొంత గుణము కనిపించినవి కొద్ది చర్మ సమస్యలే. మొటిమలపై 1990లో ఆస్ట్రేలియాలో 124 మందితో జరిగిన పరీక్షలో, 5 శాతము టీ ట్రీ జెల్ బెంజాయిల్ పెరాక్సైడ్ మందు కంటే నెమ్మదిగా పనిచేసినా, చర్మము పొడిబారడము, మంట తక్కువగా కనిపించాయి. 2002లో చుండ్రు ఉన్న 126 మందిపై జరిగిన పరీక్షలో 4 వారాలు 5 శాతము షాంపూ వాడినవారికి చుండ్రు 41 శాతము తగ్గింది. మందు లేని షాంపూ వాడినవారికి 11 శాతము తగ్గింది.

కాలివేళ్ళ సందులలో వచ్చే ఫంగస్ వ్యాధి విషయములో ఫలితము మోతాదును బట్టి మారింది. 1992 నాటి పరీక్షలో 10 శాతము క్రీము దురదను తగ్గించింది గాని ఫంగస్‌ను పోగొట్టలేదు. 2002లో 25, 50 శాతము ద్రావణాలు వాడినవారిలో 64 శాతము మందికి ఫంగస్ పోయింది. మందు లేని ద్రావణముతో 31 శాతము మందికే పోయింది. అయితే ఇంత గాఢమైన ద్రావణము కొందరికి చర్మముపై దద్దుర్లు తెచ్చింది.

అందుచేత ఇంట్లో వాడేటప్పుడు పలుచన చేయడమే ముఖ్యము. 95 మి.లీ. కొబ్బరినూనెలో 5 మి.లీ. కలిపితే 5 శాతము అవుతుంది. ముందుగా మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒకరోజు చూడాలి. కళ్ళలో, చెవులలో వేయరాదు. కాలిన గాయాలపై రాయరాదు. మధుమేహము గలవారు కాలి పుండ్లకు దీనిని నమ్ముకొని వైద్యుని వద్దకు వెళ్ళడం ఆలస్యము చేయరాదు.

ఇంటి వాడకం

వానాకాలములో స్నానాల గది గోడలకు పట్టే బూజును తుడవడానికి, మురికి వాసన పోగొట్టడానికి ఉపయోగిస్తారు. నూనె నీటిలో కరగదు. ఎంత కుదిపినా కాసేపటికి పైకి తేలుతుంది. సబ్బు నీటిలో కలిపితే సమముగా వ్యాపిస్తుంది. 100 మి.లీ. సబ్బు నీటికి 1 మి.లీ., అనగా సుమారు 20 చుక్కలు, చాలు. రంగు వేసిన వస్తువులు, ప్లాస్టిక్ పాడు కావచ్చును గనుక ఒక మూల తుడిచి చూడడం మంచిది. నూనె నిప్పు అంటుకొనే స్వభావము గలది. పొయ్యి దగ్గర, దీపము దగ్గర ఉంచరాదు.

విష ప్రభావం

రెండేళ్ళలోపు పిల్లలు 10 మి.లీ. కంటే తక్కువ తాగి, కొద్దిసేపటికే తూలుతూ, మగతలోకి జారిన సంఘటనలు 1990లలో అమెరికా వైద్య పత్రికలలో నమోదయ్యాయి. దగ్గు మందు సీసాను పోలిన చిన్న సీసాలో అమ్మడం వలన ఈ ప్రమాదము ఎక్కువ. మింగినట్లు తెలిస్తే వాంతి చేయించరాదు. నూనె ఊపిరితిత్తులలోకి పోవచ్చును. సీసాను వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పిల్లులు, కుక్కల చర్మముపై నేరుగా రాసినా విషమే. వెనుక కాళ్ళు పట్టు తప్పడము, వణుకు కనిపిస్తాయి.

నిల్వ

గాలి, వెలుతురు తగిలితే నూనె ఆక్సీకరణము చెందుతుంది. పాతబడిన నూనె తాజా నూనె కంటే ఎక్కువగా చర్మపు అలర్జీ కలిగిస్తుంది. ముదురు రంగు గాజు సీసాలో, మూత బిగించి, చల్లని చోట పిల్లలకు అందకుండా ఉంచాలి. మూత తీసిన తేదీని సీసాపై రాసి పెట్టుకోవడం ఉపయోగకరము.