జీపు ముందు ఇరుసు: ఒక అతుకు కథ



ఎడ్లబండి ఇరుసు సంగతి మీకు ఒకరు చెప్పనక్కరలేదు. బండి ఎంత గట్టిదైనా, ఎడ్లు ఎంత మేలైనవైనా, ఇరుసు విరిగిన నాడు ధాన్యం బస్తాలు దారిలోనే దిగిపోతాయి. అందుకే మన పెద్దలు ఇరుసు దగ్గర లోభం చూపలేదు. ఈ వేళ ఒక ఇరుసు కథ చెప్పుకుందాం. ఐతే ఇది ఎడ్లబండిది కాదు, జీపుది. జీపు ముందు ఇరుసు వంగిందనో, వంగుతుందనో దానికి ఉక్కు పట్టీలు పెట్టి వెల్డింగు చేయిస్తూ ఉంటారు. ఆ అతుకు ఎందుకు అవసరమైంది? ఎక్కడ వేయాలి? ఎక్కడ వేయకూడదు? ఈ మూడింటికీ జవాబు చరిత్రలో దొరుకుతుంది.

ముందు ఆ ఇరుసు చేసే పని చూద్దాం. ఎడ్లబండి ఇరుసుకు ఒకటే పని, బరువు మోయడం. మామూలు లారీ ముందు ఇరుసుకు రెండు పనులు. బరువు మోయాలి, చక్రాలను పక్కకు తిరగనివ్వాలి. జీపు ముందు ఇరుసుకు మూడు. బరువు మోస్తూ, చక్రాలను మలుపు తిరగనిస్తూ, ఇంజను బలాన్ని కూడా ఆ చక్రాలకు అందించాలి. అందుచేత అది నిండు కడ్డీ కాదు. నడుమ పోతపోసిన ఒక గుండ్రని డబ్బా, అందులో పళ్లచక్రాలు. డబ్బాకు రెండు పక్కలా ఉక్కు గొట్టాలు. గొట్టాల లోపల తిరిగే షాఫ్టులు. గొట్టం చివర చక్రం మలుపు తిరిగే కీలు. మన కథంతా ఈ డబ్బాకూ, గొట్టానికీ, కీలుకూ మధ్యనే నడుస్తుంది.

మలుపు తిరిగే చక్రానికి ఇంజను బలం అందించడం చిన్న సమస్య కాదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రాన క్లింటన్‌విల్ అనే చిన్న ఊరుంది. అక్కడ మరమ్మతు షాపు నడుపుకునే ఆటో జాకో, విలియం బెసర్‌డిక్ అనే ఇద్దరు బావామరదులు ఇందుకు ఒక ఉపాయం కనిపెట్టి, 1908లో పేటెంటు పొందారు. వారి ఊరిలో పుట్టిన కంపెనీ తయారుచేసిన నాలుగు చక్రాల బలం గల లారీలు మొదటి ప్రపంచ యుద్ధంలో బురదదారుల వెంట వేల సంఖ్యలో నడిచాయి. అవి బరువైన బండ్లు, వాటి ఇరుసులూ బరువైనవే.

తేలిక ఇరుసు రావడానికి కారణం రెండో యుద్ధం. 1940లో అమెరికా సైన్యం తనకు ఒక చిన్న బండి కావాలని 135 కంపెనీలకు వ్రాసింది. బండి బరువు 1,300 పౌండ్లు, అనగా సుమారు 590 కిలోలు మించరాదన్నది షరతు. నమూనా బండికి గడువు 49 రోజులు. బాంటమ్ అనే చిన్న కంపెనీ తరపున కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజనీరు నమూనా గీశాడు. సెప్టెంబరు 23న ఆ బండి మేరీలాండులోని హోలాబర్డ్ శిబిరం చేరింది. అంత తొందరలో కొత్త ఇరుసు తయారుచేసే వ్యవధి ఎక్కడిది? టొలీడో పట్టణపు స్పైసర్ కంపెనీ స్టూడిబేకర్ ఛాంపియన్ అనే కారు ఇరుసును మార్చి ఇచ్చింది. 590 కిలోలలో బండి కావడం అసాధ్యమని తేలిన తర్వాత సైన్యం ఆ హద్దును 2,160 పౌండ్లకు, అనగా సుమారు 980 కిలోలకు పెంచింది. ఐనా తేలికదనమే ముఖ్యమన్న మాట మాత్రం మారలేదు. జీపు ఇరుసు పుట్టుకతోనే కారు ఇరుసుకు చుట్టమన్నమాట.

ఇది తప్పు అనడం లేదు. పావు టన్ను బరువుకు, 60 గుర్రాల బలం గల ఇంజనుకు, సన్నని చిన్న టైర్లకు ఆ ఇరుసు సరిపోయింది. యుద్ధం ముగిసేలోగా విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగిసిన 1945లోనే విల్లీస్ కంపెనీ జీపును రైతుకు అమ్మజూపింది. నాగలి లాగుతుంది, పంట మోస్తుంది, యంత్రాలు తిప్పుతుంది అని చాటింది. మన దేశంలో 1940ల చివర బొంబాయిలో మహీంద్రా వారు విడిభాగాలు తెప్పించి జీపులు బిగించడం మొదలుపెట్టారు. 1952లో సమాజ వికాస పథకం, 1959లో పంచాయతీ సమితులు వచ్చిన తర్వాత మన పల్లెలకు బ్లాకు జీపు చిరపరిచితమైంది.

ఇక్కడి నుండి ఇరుసుకు కష్టకాలం. పావు టన్నుకు పుట్టిన బండి మీద మనం ఎంత ఎక్కించామో మీకు తెలుసు. లోపల పదిమంది, వెనక నిలబడి నలుగురు, పైన కూరగాయల బుట్టలు! అమెరికాలో మరో విధంగా జరిగింది. 1953లో కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండలలో, రూబికాన్ అనే రాళ్లదారిన జీపుల యాత్ర ఆరంభమైంది. రానురాను రాళ్లు ఎక్కడం ఒక క్రీడ అయింది. రాయి తగలకుండా ఉండాలని పెద్ద చక్రాలు వేయడం మొదలైంది. పాత జీపు చక్రం ఎత్తు సుమారు 28 అంగుళాలు. దాని బదులు 35 అంగుళాలది వేస్తే నేల నుండి ఇరుసుకు దూరం 14 నుండి 17 అంగుళాల 4 దారాలకు పెరిగింది. బండరాయిని పెకలించేటప్పుడు గునపం పొడుగైన కొద్దీ బలం పెరగడం మీరెరుగుదురు. ఇక్కడ ఆ గునపం చక్రమే. పెకలింపబడేది ఇరుసు కీలు.

వంగే చోట్లు రెండు. ఒకటి, నడుమ డబ్బాకూ స్ప్రింగుకూ మధ్యనున్న గొట్టం. రెండు, గొట్టం చివర కీలును పట్టుకునే కొక్కెం. బరువు స్ప్రింగుల ద్వారా క్రిందికి నొక్కుతుంది, నేల చక్రాలను పైకి నెడుతుంది. దానితో ఇరుసు కొసలు పైకి లేస్తాయి, చక్రాల పైభాగాలు లోపలికి వాలుతాయి. టైరు లోపలి అంచు ముందుగా అరిగిపోతూ ఉంటే అనుమానించవలసింది దీనినే. ఇందుకు పనివారు కనిపెట్టిన మందులు మూడు. కొక్కెం మూలలో ముక్కోణపు పట్టీ అతకడం, గొట్టం లోపల మరో గొట్టం దిగవేయడం, ఇరుసు పైన వంతెన దూలం వంటి ఉక్కు చట్రం కట్టడం. మూడింటికీ వెల్డింగు కావాలి.

ఆ వెల్డింగుకూ ఒక చరిత్ర ఉంది. 1880లలో రష్యాలో బెనార్డోస్ విద్యుత్తు మంటతో ఇనుము అతికాడు. 1900ల తొలి సంవత్సరాలలో స్వీడనులో ఆస్కార్ షెల్‌బర్గ్ కడ్డీకి పూత పూసి అతుకును గట్టిపరిచాడు. రెండో యుద్ధంలో ఓడలనే వెల్డింగుతో కట్టారు. అప్పుడొక ఉపద్రవం వచ్చింది. 1943 జనవరి 16న ఓరెగన్ రాష్ట్రంలో, రేవులో కదలక నిలిచి ఉన్న షెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ పెద్ద చప్పుడుతో దాదాపు రెండుగా పగిలింది. తుఫాను లేదు, బాంబు పడలేదు. చలికి ఉక్కు పెళుసెక్కింది, అతుకులో లోపముంది. మేకులతో బిగించిన ఓడలో పగులు ఒక రేకు అంచున ఆగిపోవచ్చు. వెల్డింగు ఓడ అంతా ఒకే ముక్క గనుక పగులు ఆగలేదు. చతురస్రపు మూలలు, మొండి అంచులు పగుళ్లకు పుట్టిళ్లని మరికొన్ని ఓడలు పగిలిన తర్వాత తెలుసుకున్నారు.

మా ఎరికలో ఒక సోదరుడు అప్పుచేసి పాత జీపు కొని, ఘాటు రోడ్డున సంతలకు కూరగాయలు తోలేవాడు. ముందు జాగ్రత్తగా ఇరుసు పైన పట్టీ వేయించాడు. వెల్డరు చేతివాటం గలవాడే. కాని ఒక కొస నుండి మరో కొసకు ఆపకుండా ఒకే వరుస లాగాడు. అతుకు చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. పైన వేసిన అతుకు పైభాగాన్ని లాగి, ఇరుసు కొసలను పైకెత్తింది. బరువు పదేళ్లకు చేసే చెడుపును వెల్డింగు ఒక పూటలో చేసింది! నెలలోపల టైర్లు లోపలి అంచున అరిగాయి. తర్వాత పట్టీ మొండిగా ముగిసిన చోట గొట్టం మీద వెంట్రుకంత పగులు కనిపించింది. బండి కడిగే కుర్రవాడు చూశాడు గనుక సరిపోయింది. లేకుంటే లోయవైపు మలుపులో ఏమయ్యేదో!

కాబట్టి పని చేయించేవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. షాఫ్టులు, సీళ్లు, బేరింగులు విప్పి తీసి, తుప్పూ గ్రీజూ రంగూ పోయేదాకా శుభ్రం చేయించండి. బ్యాటరీ తీగలు ఊడదీయించండి. ఎర్తు తీగను అతుకు దగ్గరే పట్టించండి; కరెంటు బేరింగుల గుండా పోకూడదు. ముందు చుక్కలు వేయాలి. తర్వాత ఒక అంగుళం ఇటు, ఒక అంగుళం అటు, చల్లారనిస్తూ వేయాలి. నడుమ నడుమ ఇరుసు తిన్నగా ఉన్నదో లేదో కొలవాలి. నీళ్లు చల్లి చల్లార్చడం కూడదు. పట్టీ కొసలు నాగటికర్రులాగా సన్నగా ముగియాలి. గొట్టం చుట్టూ కంకణంలాగా అతుకు తిప్పకండి. కడ్డీలు తడి తగలనివి కావాలి. నడుమ డబ్బా పోత ఇనుము గనుక దానికి ముందుగా కాక పెట్టాలి, వేరే కడ్డీ వాడాలి. అది తెలిసినవాడే దాని జోలికి పోవాలి. స్టీరింగు చేతులకు మాత్రం ఎన్నడూ వెల్డింగు చేయించకండి. వంగినా పగిలినా కొత్తది వేయడమే.

ఒక చోట బలం చేర్చితే బరువు మాయమైపోదు. దాని పక్కన బలం లేని చోటు వెతుక్కుంటుంది. గొట్టం గట్టిపడితే కీలు మీద పడుతుంది, కీలు గట్టిపడితే షాఫ్టు మీద పడుతుంది. అతుకు వేయించే ముందు, ఈ బండి ఎంత బరువుకు పుట్టింది, నేను ఎంత మోయిస్తున్నాను అని ఒక్కసారి లెక్క చూసుకోండి. నాలుగు బుట్టలు దింపితే తీరే కష్టానికి నాలుగు అంగుళాల అతుకు అక్కరలేకపోవచ్చు. దింపడానికి వీలు లేదంటారా, అతుకు సరిగా వేయించండి. మరునాటి నుండి వారానికొకసారి మట్టి కడిగి, ఆ అతుకు కొసలు మీ కళ్లతో మీరే చూసుకోండి.