బేగంపేట గాజు పలకలు

1921లో జాన్ డంకన్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త క్రాబ్ నెబ్యులా ఫొటోలు రెండింటిని పోల్చి చూశాడు. రెండూ మౌంట్ విల్సన్‌లో తీసినవే, మధ్యలో దాదాపు పన్నెండేళ్ల ఎడం. ఆ వాయుమేఘంలోని పోగులు నడిమధ్య నుంచి బయటికి జరిగాయి. 1928లో ఎడ్విన్ హబుల్ ఆ వేగాన్నిబట్టి వెనక్కి లెక్కగట్టి, అది విచ్చుకోవడం మొదలై సుమారు 900 ఏళ్లయిందన్నాడు. 1054లో ఆకాశంలో ఉన్నట్టుండి కనబడిందని చైనా జ్యోతిష్కులు రాసిపెట్టిన ‘అతిథి నక్షత్రం’తో ఆ లెక్క సరిపోయింది.

వాయువు మనవైపు వచ్చే వేగం తెలుసుకోవడానికి ఏళ్లు ఆగక్కర్లేదు, కాంతి వర్ణపటం చాలు. కోల్‌కతా సాల్ట్ లేక్‌లోని ఎస్.ఎన్. బోస్ జాతీయ కేంద్రంలో నోవాలను, అంటే ఉన్నట్టుండి వెలుగు పెరిగే నక్షత్రాలను, అధ్యయనం చేసే పరిశోధకులు వాటి నుంచి ఎగజిమ్మే వాయువు వేగాన్ని అలాగే పట్టుకుంటారు. ఆకాశంలో అడ్డంగా ఎంత జరిగిందో చెప్పాలంటే మాత్రం పాత ఫొటో, కొత్త ఫొటో రెండూ ఉండాలి.

పోగు జరిగిందని దేన్ని చూసి అనాలి? చుట్టూ ఉన్న నక్షత్రాలను చూసి. చిక్కేమిటంటే, అవీ కదులుతుంటాయి.

ఆ కదలికలు ఎప్పటికైనా తేలాలంటే ముందు ఎక్కడున్నవి అక్కడ రాసిపెట్టాలి. అందుకోసం 1887లో పారిస్‌లో సమావేశమైన శాస్త్రవేత్తలు ఆకాశాన్ని అక్షాంశాల వారీగా పట్టీలుగా చీల్చి అబ్జర్వేటరీలకు పంచారు. శాంటియాగో వంతుకు వచ్చిన దక్షిణపు పట్టీ, −17 నుంచి −23 డిగ్రీల దాకా, చివరికి హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీకి చేరింది. ఆ అబ్జర్వేటరీని నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో సొంత ఖర్చుతో మొదలుపెట్టాడు. 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. చాట్‌వుడ్, పోకాక్, ఆ తర్వాత టి.పి. భాస్కరన్ డైరెక్టర్లుగా పని సాగింది. పోట్స్‌డామ్ పూర్తిచేయని ఉత్తరపు పట్టీలో కొంత, +36 నుంచి +39 డిగ్రీల దాకా, అదీ ఇక్కడికే వచ్చింది.

పని చూస్తే ఓపికకు పరీక్షే. ఎనిమిది అంగుళాల కుక్ టెలిస్కోప్‌తో గాజు పలక మీద ఫొటో తీస్తారు. అదే పలక మీద 5 మిల్లీమీటర్ల గళ్లు కూడా కాంతితో అచ్చవుతాయి. కడిగాక మైక్రోస్కోప్ కింద పెట్టి, ఒక్కో చుక్క ఏ గడిలో ఎంత నిలువు, ఎంత అడ్డం ఉందో చూసి అంకెలు రాస్తారు. అలా లక్షల చుక్కలు.

వాటికి జోడీ దొరకడానికి ఉపగ్రహం రావలసివచ్చింది. 1989లో వెళ్లిన హిప్పార్కస్ నక్షత్రాల స్థానాలను మళ్లీ కొలిచింది. 2000లో వెలువడిన టైకో-2 పట్టిక, హైదరాబాద్‌తో సహా అన్ని పట్టీల పాత కొలతలను ఆ కొత్త కొలతలతో పోల్చి, దాదాపు 25 లక్షల నక్షత్రాల కదలికలు తేల్చింది. పాత పలకల కొలతల్లో పొరపాటు పాళ్లు ఉపగ్రహానికంటే ఎక్కువే. అయితే మధ్యలో గడిచిన దశాబ్దాల మీద పంచితే ఏడాదికి వచ్చే తేడా అతి స్వల్పం.