అప్‌డేట్ తర్వాత వైఫై తెగిపోతోందా? వెంటనే రీసెట్ చేయొద్దు

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయ్యాక వైఫై మాటిమాటికీ తెగి, గల్ఫ్ నుంచి వచ్చే వీడియో కాల్ ఆగిపోతుంటే చాలామంది రౌటర్ రీసెట్ బటన్ నొక్కేస్తారు. దాంతో కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోయి అసలు నెట్టే రాకపోవచ్చు.

ముందు ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలపాలి. అందులోనూ నెట్ తెగితే కంపెనీకి ఫిర్యాదు చేయాలి. బాగా వస్తే తేడా వైఫైలోనే. అప్‌డేట్‌తో సెట్టింగులు మారి ఉండొచ్చు.

రౌటర్ స్టిక్కర్ మీదున్న అడ్రస్‌తో లాగిన్ అయి, ఒక్కోటి మార్చి చూడండి. 2.4, 5 గిగాహెర్ట్జ్‌లకు వేర్వేరు పేర్లు పెట్టండి. 2.4లో ‘ఆటో’ తీసి 1, 6, 11 ఛానళ్లలో ఒకటి ఎంచుకోండి. 5లో 36 మేలు. 52–144 ఛానళ్లలో రాడార్ సిగ్నల్ తగిలితే రౌటర్ ఆ ఛానల్ వదిలేస్తుంది. పాత ఫోన్‌కు డబ్ల్యూపీఏ3 పడకపోతే డబ్ల్యూపీఏ2 పెట్టండి.

అయినా కుదరకపోతే, కనెక్షన్ వివరాలు రాసి పెట్టుకున్నాకే రీసెట్.