రోజుకో రూపాయి

కుర్రవాడు బంతి వెంట పడితే చెడిపోయాడనుకోవడం మన మొహల్లాల్లో కద్దు. మన హైదరాబాదు చరిత్ర మాత్రం వేరే మాట చెబుతుంది.

సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు మాలాగే బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్నుమూసేవరకు భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేదింటి పిల్లవాడు తులసీదాస్ బలరాం. ఆట నేర్చుకోవడానికి రావాలంటే దారి ఖర్చుకు డబ్బుల్లేవన్నాడు. సైకిలు అద్దెకని రహీం సాహెబు రోజుకో రూపాయి చేతిలో పెట్టారు. ఆ బలరామే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఉన్నారు.

బడి మానేసిన పిల్లల పేర్లు మేము ఏటా హాజరు పట్టీలో కొట్టేస్తూనే ఉన్నాం. మైదానానికి పిలిచి ఉంటే కొందరైనా నిలిచేవారేమో! సోదరులారా, స్కాలర్‌షిప్పులతోబాటు ఒక బంతికీ, ఒక సైకిలు అద్దెకీ మన లెక్కల్లో చోటిద్దాం.