బెన్ రాస్ ఇంటి జాడ

అమెరికాలో చెసపీక్ అఖాతపు తూర్పు తీరాన, మేరీలాండ్ రాష్ట్రపు డార్చెస్టర్ కౌంటీ చాలామటుకు పల్లపు నేల. సుమారు 1822లో ఇక్కడే బానిసగా పుట్టిన హ్యారియెట్ టబ్‌మన్ పసితనంలో చలికాలపు చిత్తడి నీళ్ళలోకి దిగి మస్క్‌రాట్ల ఉచ్చులు చూసి వచ్చేది. తండ్రి బెన్ రాస్ కలప పనిలో ఆరితేరినవాడు. 1849లో తప్పించుకుపోయిన ఆమె, పలుమార్లు తిరిగివచ్చి దాదాపు 70 మందిని విడిపించింది. ఆ రాత్రి ప్రయాణాలకు ఆసరా అయిన అడవి, నీటి పరిజ్ఞానం ఈ నేల నేర్పినదే.

ఆ చిత్తడి ఇప్పుడు కరిగిపోతోంది. ఉప్పునీటి గడ్డి తన వేళ్ళతో, ఆటుపోట్లు మోసుకొచ్చే ఒండ్రుతో నేలను కొద్దికొద్దిగా ఎత్తు పెంచుకుంటుంది. సముద్రం అంతకంటే వేగంగా పెరిగితే గడ్డి మునిగి చస్తుంది, మడుగులు మిగులుతాయి. చెసపీక్‌లో గత శతాబ్దంలో నీటిమట్టం సుమారు ఒక అడుగు పెరిగింది. మంచుయుగం నాటి హిమభారం తొలగినందువల్ల ఇక్కడి నేల ఇప్పటికీ కుంగుతూ ఉండడం దీనికి మరో కారణం. 1933లో వలస పక్షుల కోసం ఏర్పడిన బ్లాక్‌వాటర్ అభయారణ్యం ఇప్పటికే 5,000 ఎకరాలకు పైగా చిత్తడిని కోల్పోయింది. దాని అంచుల్లో ఉప్పు తగిలి ఎండిన పైన్ చెట్లు మోడులై నిలిచాయి.

చిత్తడి బతకాలంటే వెనుకనున్న మెరకకు జరగాలి. అందుకు చోటు కల్పించే ఉద్దేశంతో కేంద్ర వన్యప్రాణి శాఖ 2020లో 2,600 ఎకరాలు కొని అభయారణ్యంలో కలిపింది. బెన్ రాస్ నివసించింది ఆ భూమిలోనే. 1836లో మరణించిన యజమాని వీలునామా వల్ల అతనికి 1840 ప్రాంతంలో విముక్తి, జీవితాంతం అనుభవించేందుకు పది ఎకరాలు దక్కాయి. మేరీలాండ్ పురాతత్వవేత్తలు అక్కడ తవ్వి 1808 నాటి నాణెం, మేకులు, ఇటుకలు, పింగాణీ పెంకులు వెలికితీసి, అతని ఇంటి చోటు దొరికిందని 2021 ఏప్రిల్‌లో ప్రకటించారు.

యజమానుల చరిత్ర దస్తావేజుల్లో ఉంది. కాగితాలు తడిసే భయం లేదు. బానిసల బతుకు గురించి ఆ కాగితాలు చెప్పేది వెల, వయసు, వారసత్వపు పంపకం మాత్రమే. వాళ్ళు ఏ పళ్ళెంలో తిన్నారో, ఏ గోడ చాటున నిద్రించారో చెప్పగలిగింది మట్టి ఒక్కటే. చిత్తడికి చోటిచ్చేందుకు కొన్న నేల ఒక ఇంటి జాడను బయటపెట్టింది. రేపు ఆ చిత్తడే వచ్చి దాన్ని కప్పుతుంది. సముద్రం ఎక్కడ ఆగుతుందో పురాతత్వవేత్తల చేతిలో లేదు. అది చేరేలోపు ఎంత తవ్వగలరన్నది మాత్రం వాళ్ళ చేతిలో ఉంది.